రాగి సమన్వయ సమ్మేళనాలు: స్ఫటికంలో కనిపించిన అణువే కణాల దాకా చేరిందా?

రాగి చుట్టూ లైగాండ్లు (లోహానికి బంధించే అణువులు లేదా అయాన్లు) చేరిన ఈ సమ్మేళనాల నిర్మాణాన్ని స్ఫటికంలో ఎక్స్-రేలతో చూసి, కణాలపై వాటి ప్రభావాన్ని పరీక్షించేటప్పుడు ఎదురయ్యే సమస్యలు ఇవి.

సమస్య: స్ఫటికాలకు బదులు పొడి వస్తోంది, లేదా వచ్చిన స్ఫటికం బయటికి తీయగానే మసకబారుతోంది.

ద్రావణం త్వరగా అతిసంతృప్తమైతే పొడి దిగుతుంది. సమ్మేళనపు మెథనాల్ ద్రావణం ఉన్న చిన్న సీసాను డైఇథైల్ ఈథర్ ఉన్న పెద్ద సీసాలో ఉంచి, మూత బిగించి, కొన్ని రోజులు కదపకుండా వదిలేయాలి. మసకబారడానికి కారణం జాలకంలోని ద్రావణి అణువులు ఆవిరి కావడం. స్ఫటికాన్ని వెంటనే నూనెలోకి తీసుకుని, 100 కెల్విన్ చల్లని నత్రజని ప్రవాహంలో ఎక్స్-రే దత్తాంశం సేకరించాలి. పెర్‌క్లోరేట్ లవణాలు అందంగా స్ఫటికీకరిస్తాయి కానీ పేలగలవు కూడా, కాబట్టి వాటిని ఎండబెట్టి గీకకూడదు.

సమస్య: రాగి చుట్టూ ఆరు బంధాల పొడవులూ దాదాపు సమానంగా వచ్చాయి.

అనుమానించవలసింది దీనినే గానీ అసమాన బంధాలను కాదు. డి9 విన్యాసం (డి కక్ష్యకాల్లో తొమ్మిది ఎలక్ట్రాన్లు) గల రాగి(II)లో యాన్-టెల్లర్ ప్రభావం (ఎలక్ట్రాన్ల అసమాన పంపిణీ వల్ల ఆకారం సాగడం) వల్ల నాలుగు బంధాలు సుమారు 2.0 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద ఉంటే, అక్షీయ బంధాలు (ఎదురెదురుగా ఉండే మిగతా రెండు) తరచుగా 2.3 నుంచి 2.6 వరకు సాగుతాయి. సమానత్వం కనిపిస్తే అది అస్తవ్యస్తత (వేర్వేరు అణువుల్లో సాగిన బంధం వేర్వేరు దిశల్లో ఉండడం) వల్ల వచ్చిన సగటు కావచ్చు. పరమాణువుల కదలికను చూపే ఎలిప్సాయిడ్లు బంధం దిశలో సాగి ఉన్నాయేమో చూసి, మరో ఉష్ణోగ్రత వద్ద కొలవాలి.

సమస్య: ఐసీ50 (కణాల పెరుగుదలను సగానికి తగ్గించే గాఢత) విలువ ప్రయోగానికొక రకంగా మారుతోంది, లేదా కాపర్ క్లోరైడ్ విలువకు దగ్గరగా ఉంటోంది.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. బలహీనంగా బంధించిన నీటినో క్లోరైడ్‌నో ద్రావణిగా వాడే డీఎంఎస్ఓ తొలగించగలదు, పోషక మాధ్యమంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ రాగిని గట్టిగా పట్టుకుంటుంది, కణంలోకి చేరినదాన్ని మిల్లీమోలార్ స్థాయిలో ఉండే గ్లూటాథయోన్ అనే థయోల్ రాగి(I)గా క్షయకరిస్తుంది. అందువల్ల సమ్మేళనాన్ని అదే మాధ్యమంలో, ప్రయోగం సాగినంత సేపు గమనించాలి. మైక్రోమోలార్ గాఢతలో డి-డి పట్టీ (రాగి డి కక్ష్యకాల మధ్య ఎలక్ట్రాన్ మార్పు వల్ల వచ్చే బలహీన కాంతి శోషణ) కనిపించదు కనుక లైగాండ్ లేదా ఆవేశ బదిలీ పట్టీని అనుసరించడం, ఈపీఆర్ (జతలేని ఎలక్ట్రాన్లను గుర్తించే వర్ణపటం) తీయడం మేలు. లైగాండ్‌ను ఒంటరిగా, కాపర్ లవణాన్ని ఒంటరిగా, రెంటినీ అక్కడికక్కడే కలిపి కూడా పరీక్షించకుండా ఫలితాన్ని నమ్మడం తొందరపాటే; ఫినాంత్రోలిన్ వంటి లైగాండ్ తానే కణాలను చంపుతుంది. పోలికకు వాడే ప్లాటినం క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌ను డీఎంఎస్ఓలో కరిగిస్తే క్లోరైడ్ పోయి క్రియాశీలత తగ్గుతుంది, అప్పుడు కొత్త సమ్మేళనం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. దానిని లవణ ద్రావణంలో కరిగించాలి.

సమస్య: ఎంటీటీ పరీక్షలో (బతికున్న కణాలు టెట్రజోలియం లవణాన్ని ఊదారంగుకు మార్చే పరీక్ష) కణాలు లేని గుంటలు కూడా ఊదారంగుకు తిరుగుతున్నాయి.

థయోల్ వంటి క్షయకరణ సమూహాలున్న లైగాండ్లు టెట్రజోలియంను నేరుగా క్షయకరిస్తాయి. ప్రతి గాఢతకూ కణరహిత గుంటలు ఉంచి ఆ విలువను తీసివేయాలి. అది పెద్దదైతే కణాల ప్రోటీన్‌కు రంగు అంటించి కొలిచే ఎస్ఆర్‌బీ పరీక్షకు మారాలి.