ఎండలు ముదరకముందే పేషెంటు వీపు చూడండి

బెజవాడ ఎండల సంగతి కొత్తగా చెప్పేదేముంది. బయట తిరిగేవాళ్లకు వడదెబ్బ భయం, వార్డులో మంచం పట్టినవాళ్లకు బెడ్‌సోర్ల (ఒకే చోట ఒత్తుకుని పడే పుండ్ల) భయం. రెక్సిన్ పరుపు గాలి ఆడనివ్వదు. పక్షవాతంతో కదల్లేని పెద్దాయన చెమట వీపు కిందే నిలిచిపోతుంది. అలా నానిన చర్మం, దుప్పటి పట్టుకుని ఒక్కసారి పైకి లాగినా చాలు, లేచిపోతుంది. అందుకే లాగొద్దు. నడుం కింద అడ్డంగా డ్రాషీటు (చిన్న దుప్పటి) వేసి, చెరోవైపు ఒకరు పట్టుకుని ఎత్తండి. రాత్రి డ్యూటీలో రెండో మనిషి ఎక్కడ దొరుకుతారంటారా, అటెండెంటును లేపండి. తిట్టుకుంటారు, ఫర్వాలేదు.

అడ్మిషన్ రోజే బ్రేడెన్ స్కోరు, అంటే బెడ్‌సోరు వచ్చే ప్రమాదం ఎంతో చెప్పే మార్కులు, వేయండి. 23కి 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాల్సిన పేషెంటే. జ్వరం వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా మళ్లీ వేయాలి. ఒకసారి ఫైల్లో రాసి మర్చిపోవడం మనందరికీ ఉన్న జబ్బే.

రెండు గంటలకోసారి పక్క మార్చడం మామూలే. మార్చిన ప్రతిసారీ నడుం కింది ఎముక, తుంటి, మడమలు, చెవుల వెనక చూడటమే మనం ఎగ్గొట్టేది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడకుండా అలాగే ఎర్రగా ఉంటే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు కనపడదు. చేత్తో తడిమి పక్క చర్మంతో పోల్చుకోండి: వెచ్చగా ఉందా, గట్టిపడిందా, ముట్టుకుంటే మూలుగుతున్నారా?

ఒకసారి ఓ ముసలమ్మను పక్కకు తిప్పితే తొంటి కింద సిరంజి మూత దొరికింది. గుండ్రంగా అచ్చు పడిపోయి ఉంది. ఆవిడ మాట పోయిన మనిషి, ఎవరికి చెప్పుకుంటుంది? మూత పడేసింది నేనే అయ్యుండొచ్చు. అప్పట్నుంచి ఇంజెక్షన్ చేశాక పక్కంతా ఓసారి తడమందే మంచం వదలను.

మడమ పరుపుకు ఆనకూడదు. పిక్క కింద పొడవునా దిండు పెడితే గాల్లో ఉంటుంది. రైల్స్ ట్యూబులో (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టంలో) పాలు పట్టేటప్పుడు తల ఎత్తక తప్పదు. డాక్టరు వద్దనకపోతే గంట తర్వాత 30 డిగ్రీలకు దించేయండి, లేదంటే మనిషి కిందికి జారుతూ నడుం ఒరుసుకుపోతుంది. ఆక్సిజన్ మాస్కు, కాథెటర్ గొట్టం ఒత్తుకునే చోట్లు కూడా చూడాలి. ప్లాస్టరు పైకి పీకకుండా, చర్మాన్ని వేలితో అదిమి పట్టి, నెమ్మదిగా వెనక్కి మడుస్తూ తీయండి.

కూతుళ్లూ కోడళ్లూ ఎర్రబడ్డ చోట కొబ్బరినూనె పోసి గట్టిగా రుద్దుతుంటారు. ప్రేమకొద్దీ చేసే పనే, కానీ లోపలి కండ ఇంకా నలుగుతుంది. గాలి ట్యూబు రింగు మీద కూర్చోబెట్టడమూ అంతే, చుట్టూ నొక్కుకుని మధ్యలో రక్తం ఆడదు. ‘అక్కా, ఆ నూనె పక్కన పెట్టి, రోజూ ఓ గుడ్డు తినిపించు’ అని చెప్పండి. డాక్టరు పథ్యం పెట్టకపోతేనే సుమా.

ఆల్ఫా బెడ్ (మోటారుతో గాలి నింపే పరుపు) ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. వేసవిలో కరెంటు పోతే మోటారు ఆగి గాలి దిగిపోతుంది, మనిషి ఇనప మంచానికి ఆనుకుంటాడు. పరుపు కింద అరచెయ్యి పెడితే ఎముక తగులుతోందా చూడండి. ఆ ప్లగ్గు జనరేటర్ లైన్లో ఉందో లేదో ఈ రాత్రి డ్యూటీలోనే తేల్చుకోండి.