గ్రహాలను గుర్తుపట్టడం – 4వ పాఠం: మిణుకుమంటే నక్షత్రమేనా?

నక్షత్రం మిణుకుమంటుంది, గ్రహం మిణుకుమనదు అని మూడో పాఠంలో చెప్పుకున్నాం. మీ నోట్సుల్లో చాలామంది శుక్రుణ్ణి నక్షత్రమని కొట్టేశారు, రోహిణిని కుజుడని రాసుకున్నారు. అందుకే బుధుడి పాఠం ఆపి ఈసారి ఈ చిక్కే తీసుకుంటున్నాం.

నక్షత్రం మన కంటికి ఉత్త చుక్క. గాలిపొరలు దాని వెలుగును అటూ ఇటూ వంచితే మిణుకుమంటుంది. గ్రహానికి చిన్నదైనా బిళ్ల ఉంటుంది. గురుడిది 30 నుంచి 50 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). బిళ్లలో ఒకచోట వెలుగు తగ్గితే ఇంకోచోట పెరుగుతుంది, మొత్తం నిలకడగా ఉంటుంది.

అయితే ఇది గ్రహం పైకెక్కాకే పనిచేస్తుంది. 10 డిగ్రీల ఎత్తులో ఉన్న గ్రహం వెలుగు, నడినెత్తి మీదున్నదాని కంటే అయిదున్నర రెట్లు గాలి దాటి రావాలి. అక్కడ శుక్రుడు కూడా ఎరుపు, ఆకుపచ్చ చిమ్ముతాడు. 30 డిగ్రీలకు ఆ గాలి రెండు రెట్లకు తగ్గుతుంది. చెయ్యి బారచాపి పిడికిలి పడితే 10 డిగ్రీలు. దిగంతం నుంచి మూడు పిడికిళ్లు దాటనిదాని మిణుకును లెక్కలోకి తీసుకోవద్దు. కోనసీమ కాలవగట్టు మీద నిలబడితే కొబ్బరితోటలే కింది ఆకాశాన్ని కప్పేస్తాయి, మంచిదే. రొయ్యల చెరువుల లైట్లు మాత్రం వీపు వైపు ఉండాలి.

కుజుడి సంగతి వేరు. దూరంగా ఉన్నప్పుడు అతని బిళ్ల 4 ఆర్క్ సెకన్లకు పడిపోతుంది, పైనున్నా కాస్త మిణుకుతాడు. రంగును అసలు నమ్మొద్దు. రోహిణీ ఎర్రనే, జ్యేష్ఠా ఎర్రనే.

నమ్మాల్సింది కదలికను. గ్రహం రాశుల దారి వదలదు, పక్క నక్షత్రాల మధ్య జరుగుతుంది. గురుడు ఏడాదికి సుమారు ఒక రాశి దాటతాడు. సింహంలోకి వస్తే మనకు గోదావరి పుష్కరాలు, 2015లో వచ్చినట్టు. శనికి ఒక్కో రాశి రెండున్నరేళ్లు. కుజుడు వక్రించే, అంటే వెనక్కి నడిచినట్టు కనిపించే రోజుల్లోనూ వాటికి కాస్త ముందూ వెనకా తప్ప, రోజుకు దాదాపు అర డిగ్రీ పైనే నడుస్తాడు. బారచాపిన చిటికెనవేలి వెడల్పు ఒక డిగ్రీ, నాలుగు రోజుల్లో తేడా తెలిసిపోతుంది. అర్ధరాత్రి కనిపించేది ఎంత మెరిసినా శుక్రుడు కాదు. అతను సూర్యుడికి 47 డిగ్రీలు దాటి పోలేడు.

సాధన: కార్తీకం వెళ్లాక మొదలుపెట్టండి, వానల్లో వద్దు. మూడు పిడికిళ్ల పైన ఒక మెరిసే చుక్కను ఎంచుకుని, పక్కనున్న మూడు నక్షత్రాలతో కలిపి బొమ్మ గీయండి. అదే గట్టు, అదే వేళ, నాలుగు రోజులకోసారి, ఆరు వారాలు. పాత బొమ్మ చూసి కొత్తది గీయొద్దు. ఆరు వారాలయ్యాకే అన్నీ పక్కపక్కన పెట్టి చూడండి.