కేజీహెచ్‌లో రికార్డు కావాలంటే: సమాచార హక్కు దరఖాస్తు విధానం

మీకు కావలసింది మీ సొంత వైద్యం కాగితాలా, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఎలా నడుస్తోందో చెప్పే రికార్డులా? దరఖాస్తు రాసే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. రెండింటికీ దారులు వేరు, గడువులూ వేరు.

సొంత కేస్ షీటు కోసం మొదటే సమాచార హక్కు చట్టం దాకా పోనక్కర్లేదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్లు దాచాలి. రోగి గానీ, రోగి రాసిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కాబట్టి ముందు సూపరింటెండెంట్ పేరిట ఒక తెల్లకాగితం మీద అర్జీ రాసి మెడికల్ రికార్డ్స్ విభాగంలో ఇవ్వండి. అందులో ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, వార్డు, యూనిట్ ఉండాలి. ఐపీ నంబరు లేకుండా పేరొక్కటే రాస్తే పని జరగదు. అప్పలరాజు, సింహాచలం, పైడితల్లి అన్న పేర్లతో ఎందరు చేరతారో ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పాలా? నంబరు పోగొట్టుకుంటే డిశ్చార్జి సమ్మరీ మీదో, పరీక్షల రిపోర్టుల మీదో వెతకండి. అర్జీ నకలు మీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకోవడం మరవకండి.

అలా ఇవ్వకపోతే అప్పుడు సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. దానికి గడువుంది, పైన అప్పీలుంది. రోగి మీరే అయితే గుర్తింపు కార్డు నకలు జతచేయండి. రోగి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం, మీరు కుటుంబసభ్యులేనని చూపే కాగితం పెట్టండి. ఇవి లేకపోతే మీ దరఖాస్తును ‘వేరే వ్యక్తి సమాచారం’గా చూస్తారు, ఇక అక్కడే ఆగిపోతుంది.

ప్రమాదం, కొట్లాట, ఆత్మహత్యాయత్నం వంటి మెడికో లీగల్ కేసుల్లో పోలీసు దర్యాప్తు సాగుతుంటే సెక్షన్ 8(1)(హెచ్) కింద నిరాకరించే వీలుంది. అయితే ‘దర్యాప్తులో ఉంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే చాలదు. ఆ కాగితం ఇస్తే దర్యాప్తుకు ఎలా అడ్డో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే అంది. పోస్టుమార్టం నివేదికకైతే ముందు కేసు నమోదైన పోలీసు స్టేషన్‌లో అడగండి.

ఏ కార్యాలయానికి రాయాలి

మనం కేజీహెచ్ అని ఒక్క మాటలో అనేస్తాం గానీ కాగితాలు ఒకేచోట ఉండవు. కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల రెండూ 1923లోనే మొదలయ్యాయి. ఇప్పటికీ ఆసుపత్రికి సూపరింటెండెంట్, కళాశాలకు ప్రిన్సిపాల్ వేర్వేరు అధిపతులు. వార్డులు, మందులు, పరికరాలు, పారిశుద్ధ్యం, రోగుల భోజనం కాంట్రాక్టు గురించి ఆసుపత్రినే అడగాలి. ఎంబీబీఎస్, పీజీ సీట్లు, అధ్యాపక పోస్టులు కళాశాల సంగతి. ఘోషా ఆసుపత్రి, చినవాల్తేరు మానసిక ఆసుపత్రి, కంటి ఆసుపత్రి కళాశాలకు అనుబంధమే అయినా వాటి సూపరింటెండెంట్లు వేరు. హనుమంతవాక దగ్గరి విమ్స్ మరో సంస్థ.

ఎక్కువగా తప్పేది పరికరాల కొనుగోలు దగ్గర. పెద్ద యంత్రాల టెండర్లు, మందుల సరఫరా ఒప్పందాలు రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక వసతుల అభివృద్ధి సంస్థ (ఏపీఎంఎస్ఐడీసీ) చూస్తుంది. టెండరు ఫైలు కేజీహెచ్‌ను అడిగితే లేదంటారు, అది అబద్ధం కాదు. యంత్రం ఏ రోజు వచ్చింది, ఏ రోజు బిగించారు, ఎన్నిసార్లు చెడింది అన్నవి మాత్రం ఆసుపత్రి రికార్డులే. కాబట్టి ఒకే యంత్రం గురించి రెండు దరఖాస్తులు వేయడం తెలివైన పని. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఫలానా చికిత్సకు అనుమతి, చెల్లింపు నిర్ణయం ఆ పథకాన్ని నడిపే ట్రస్టు దగ్గర ఉంటాయి. ఆ పథకం కింద ఆసుపత్రికి జమైన సొమ్ము లెక్క ఆసుపత్రిలోనే అడగొచ్చు. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, రైల్వే ఆసుపత్రి కేంద్రానివి. వాటికి కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానే వేయవచ్చు.

పొరపాటున వేరే ఆఫీసుకు రాసినా దరఖాస్తు వృథా కాదు. సెక్షన్ 6(3) ప్రకారం 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేసి మీకు తెలపాలి. ‘మాకు సంబంధం లేదు’ అని తిప్పి పంపడం చట్టం ఒప్పుకోదు.

ప్రశ్న రాయడమే అసలు పని

దరఖాస్తుల్లో సగం ఇక్కడే దెబ్బతింటాయి. ‘సీటీ స్కాన్ ఎందుకు పనిచేయడం లేదు? బాధ్యులెవరు? ఎప్పుడు బాగుచేస్తారు?’ అని అడిగితే అది ఫిర్యాదు అవుతుంది. చట్టం ఇచ్చేది కార్యాలయంలో ఉన్న రికార్డే. లేని సమాచారాన్ని తయారుచేసి, విశ్లేషించి ఇవ్వాల్సిన పని అధికారికి లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు ఏ రిజిస్టరులో ఉంటుందో ఆలోచించి ఆ రిజిస్టరునే అడగాలి.

ఆసుపత్రిలో అలాంటివి చాలానే ఉంటాయి: మందుల స్టాక్ రిజిస్టరు, మందులు కావాలని వార్డుల నుంచి వెళ్లే ఇండెంట్లు, గడువు తీరిన మందుల జాబితా, డ్యూటీ రోస్టరు, యంత్రాల లాగ్ బుక్, సర్వీసు రిపోర్టులు, వార్షిక నిర్వహణ ఒప్పందాలు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశాల మినిట్స్, దాని ఖర్చుల పుస్తకం, పారిశుద్ధ్య కాంట్రాక్టరు బిల్లులు, వాటితో జతచేసే హాజరు పట్టీలు. జీవవైద్య వ్యర్థాల మీద 2016 నిబంధనల ప్రకారం ఏటా జూన్ 30లోగా ఫారం 4లో వార్షిక నివేదిక పంపాలి. అది అడిగితే ‘మా దగ్గర లేదు’ అనడం వాళ్లకే ఇబ్బంది.

నమూనా ఇలా ఉండొచ్చు:

పౌర సమాచార అధికారి, సూపరింటెండెంట్ కార్యాలయం, కింగ్ జార్జ్ ఆసుపత్రి, మహారాణిపేట, విశాఖపట్నం – 530002.
విషయం: సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు.
1. 01-01-2025 నుంచి 30-06-2025 వరకు సీటీ స్కాన్ యంత్రం లాగ్ బుక్ నకళ్లు. రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టివేసి ఇవ్వవచ్చు.
2. అదే కాలంలో ఆ యంత్రం మరమ్మతు కోసం కంపెనీకి పంపిన లేఖలు, వచ్చిన సర్వీసు రిపోర్టుల నకళ్లు.
3. అప్పుడు అమల్లో ఉన్న నిర్వహణ ఒప్పందం నకలు.
4. పై రికార్డులను స్వయంగా చూసేందుకు తేదీ, సమయం తెలపగలరు.
కింద పేరు, చిరునామా, సంతకం, తేదీ, రుసుం వివరం.

మొదటి అంశంలో పేర్లు కొట్టేయమని రాసింది మర్యాద కోసం కాదు. రోగుల వివరాలున్నాయన్న సాకుతో మొత్తం పుస్తకాన్ని నిరాకరించకుండా సెక్షన్ 10 అడ్డుపడుతుంది. ఇవ్వకూడనిది తీసేసి మిగతాది ఇవ్వాలని అది చెబుతుంది. మీరే ముందుగా అనేస్తే ఆ సాకు ఉండదు. నాలుగోది చాలామంది వదిలేస్తారు, అది పెద్ద పొరపాటు. తనిఖీకి మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. ఫైలు ముందు కూర్చుని చూస్తే కావలసిన పది పేజీలేవో తెలుస్తుంది. చూడకుండా అడిగితే నాలుగు వందల పేజీలకు డబ్బు కట్టి ఇంటికి మోసుకెళ్లాలి.

కాలం ఆరు నెలలో, ఒక ఏడాదో చాలు. ‘గత పదేళ్లుగా అన్ని విభాగాల’ అని రాస్తే వనరులు మళ్లించాల్సి వస్తుందంటూ సెక్షన్ 7(9) చూపిస్తారు. నిజానికి ఆ సెక్షన్ అడిగిన రూపం మార్చి ఇవ్వడానికే గానీ ఎగ్గొట్టడానికి కాదు. అయినా ఆ వాదనలో మీకు నెలలు పోతాయి. సమాచారం ఎందుకు కావాలో రాయనక్కర్లేదు, సెక్షన్ 6(2) అడగొద్దంటోంది. తెలుగులో రాయొచ్చు. రాయడం రాకపోతే నోటిమాటగా చెప్పినదాన్ని కాగితం మీద పెట్టడంలో అధికారే సాయపడాలి.

ఒక డాక్టరు సెలవులు, మరొకరి సర్వీసు రిజిస్టరు అడిగేవాళ్లు ఇప్పుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించే సెక్షన్ 8(1)(జె)లో ప్రజా కార్యకలాపాలకు సంబంధం ఉంటే ఇవ్వాలన్న పాత మాటలను వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తీసేసింది. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు ‘వ్యక్తిగత సమాచారం’ అన్నదే నిరాకరణకు చాలు. 8(2) మాత్రం ఇంకా ఉంది: రక్షించే ప్రయోజనం కన్నా ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చు. మా సలహా, పేర్లు వదిలేసి హోదాలు అడగండి. ‘ఫలానా విభాగంలో మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఫలానా నెలలో రోజువారీగా డ్యూటీలో ఉన్నవారెందరు’ అంటే ఎవరి వ్యక్తిగతమూ కాదు, మీకు కావలసిన సంగతీ తెలుస్తుంది.

రుసుం, దాఖలు

ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుం లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, మిగతా అన్నింటికీ 10. కేజీహెచ్ మూడో రకం. నగదు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు, కోర్టు ఫీజు స్టాంపు అంటించవచ్చు, పోస్టల్ ఆర్డర్ గానీ డీడీ గానీ పెట్టవచ్చు. పోస్టల్ ఆర్డర్‌లో ఎవరి పేరిట అన్న చోటు ఖాళీగా వదలకండి, కార్యాలయ అకౌంట్స్ ఆఫీసర్ అని నింపి నంబరును దరఖాస్తులో రాయండి. కవరులో పది రూపాయల నోటు పెట్టి పంపితే రుసుం కట్టినట్టు రుజువుండదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు రేషన్ కార్డు నకలు పెడితే చాలు, రుసుం ఉండదు.

చేత్తో ఇస్తే మీ నకలు మీద తేదీ ముద్ర వేయించుకోండి. తపాలాలో పంపితే రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి కౌంటర్‌లో రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలని చెప్పి తీసుకోండి.

30 రోజుల లెక్క

దరఖాస్తు అందిన నాటి నుంచి 30 రోజులు. సహాయ పౌర సమాచార అధికారి ద్వారా వెళితే 5 రోజులు అదనం. మూడో వ్యక్తిని అడగాల్సి వస్తే 40. ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. ఉదాహరణకు మనిషి ఇంకా ఐసీయూలో ఉండగా వేరే ఆసుపత్రి డాక్టరుకు చూపించడానికి కేస్ షీటు కావాలి. అప్పుడు దరఖాస్తు తలమీదే ఆ సంగతి రాయండి. కారణం చెప్పడం మీకు లాభించే సందర్భం ఇదొక్కటే.

మధ్యలో నకళ్ల ఖర్చు కట్టమని లేఖ వస్తుంది. ఏ4, ఏ3 పేజీకి 2 రూపాయలు, సీడీకి 100. అంటే 85 పేజీలకు 170, తపాలాలో కావాలంటే ఆ ఖర్చు వేరే. లేఖ పంపిన రోజు నుంచి మీరు కట్టే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు. కాబట్టి ఆలస్యం మీదే అవుతుంది. ఆ లేఖలో లెక్క ఎలా వచ్చిందో, దానిమీద ఎవరికి అప్పీలు చేయాలో ఉండాలి. 30 రోజులు దాటాక లేఖ వస్తే మాత్రం డబ్బు కట్టకండి, సెక్షన్ 7(6) ప్రకారం ఉచితంగా ఇవ్వాలని జవాబు రాయండి.

అప్పీలు

గడువు దాటినా, జవాబు అరకొరగా వచ్చినా 30 రోజుల్లో అదే సంస్థలోని మొదటి అప్పీలు అధికారికి రాయాలి. ఆయన హోదా కార్యాలయం బోర్డు మీద, నిరాకరణ లేఖలో ఉండాలి. మన రాష్ట్రంలో అప్పీలుకు రుసుం లేదు. కోపం వద్దు, పట్టిక చాలు: అడిగిన అంశం, వచ్చిన జవాబు, అది ఎందుకు సరిపోదు. ‘రికార్డు లేదు’ అన్న జవాబు వస్తే ఆ రికార్డును ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన తీసేశారో చూపే కాగితం కోసం కొత్త దరఖాస్తు వేయండి. అప్పీలులో కొత్త సమాచారం అడగకూడదు. అక్కడ 30 రోజుల్లో, కారణాలు రాస్తే 45 రోజుల్లో తేల్చాలి.

అప్పటికీ రాకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలి. దరఖాస్తు, రుసుం రుజువు, తపాలా రసీదు, వచ్చిన జవాబు, మొదటి అప్పీలు, దానిమీద ఉత్తర్వు అన్నీ సొంత సంతకంతో ధ్రువీకరించి, వరుస సంఖ్యలేసి, ముందు ఒక సూచిక పెట్టండి. ఇవేవీ లేని అప్పీళ్లు లోపాలు సరిదిద్దమని వెనక్కి వస్తాయి. అకారణంగా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 జరిమానా వేసే అధికారం కమిషన్‌దే. జరిమానా అడగాలనుకుంటే అప్పీలు చివర కోరికల్లో విడిగా రాయండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆలస్యమైందో లెక్క వేసి చూపండి.