వాచీ బెల్టు పని, 4వ పాఠం: పిన్నుకు ఏ స్టీలు?

బెల్టును వాచీ కేసుకు పట్టి ఉంచేది స్ప్రింగు పిన్ను: సన్నటి గొట్టం, లోపల స్ప్రింగు, నొక్కితే లోపలికి పోయే కొనలు. పోయిన పాఠంలో వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టుతో) దాని కొలతలు తీశాం. వెడల్పు 18, 20, 22 మి.మీ.లలో ఏదో, లావు 1.5నా 1.8నా అన్నది రాసుకున్నారు కదా. అయితే కొలత సరిపోగానే కొనేయకండి. ఒకే కొలతలో ఉన్న రెండు స్ప్రింగు పిన్నులు కంటికి ఒకేలా కనబడతాయి. తేడా ఎండాకాలం గడిచాక బయటపడుతుంది.

ముందుగా బాగా వాడిన పిన్ను ఒకటి తీసి భూతద్దం కింద పెట్టండి. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల వాచీలోది దొరికితే మరీ మంచిది. నడుము భాగం మెరుస్తూనే ఉంటుంది. కొన గొట్టంలోకి దూరేచోట చూడండి: గోధుమరంగు గీత, అందులో నల్లటి మడ్డి. కొనను గోటితో నొక్కితే లోపలికి పోయి అక్కడే ఇరుక్కుంటుంది. పిన్ను పాడయ్యేది ఇక్కడే.

స్టీలును కాపాడేది దాని మీద క్రోమియం కట్టే పలుచని ఆక్సైడు పొర. గీత పడ్డా గాలి తగిలితే మళ్లీ కట్టుకుంటుంది. కానీ కొనకూ గొట్టానికీ మధ్య సందులోకి గాలి సరిగా ఆడదు, చెమట మాత్రం దిగుతుంది. చెమట ఉప్పులోని క్లోరైడు పొరను తొలుస్తుంది. వరంగల్‌లో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో ఆ సందు ఆరేదెప్పుడు?

అందుకే మన ఎండలకు 316ఎల్ అనే స్టెయిన్‌లెస్ స్టీలు రకం తీసుకోమంటాను. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, క్లోరైడుకు ఎదురు నిలిచేది అదే. ‘ఎల్’ అంటే కార్బన్ 0.03 శాతం మించదని. అది ముఖ్యంగా వెల్డింగుకు పనికొచ్చే గుణం, పిన్నుకు పెద్దగా అక్కర్లేదు. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, మంచిరకం వంటింటి గిన్నెల స్టీలే. ఏసీ గదిలో కూర్చునేవాళ్లకు చాలు. 303 అనే రకం మాత్రం వద్దు. లేతు మీద సులువుగా తెగాలని దాంట్లో గంధకం కలుపుతారు, తుప్పు ఆ గంధకం దగ్గరే మొదలవుతుంది.

316ఎల్ అంటే గట్టిదని అమ్మేవాళ్లు చెబుతారు. నమ్మకండి. వేడిచేసి మెత్తబరిచిన 304, 316ఎల్ బలంలో దాదాపు సమానమే. పిన్నుకు గట్టిదనం వచ్చేది లోహాన్ని వేడి చేయకుండా చల్లగా సాగదీసిన తీరు నుంచి, లావు నుంచి. నిండు కడ్డీ అయితే 1.5 నుంచి 1.8కి పోగానే వంపును తట్టుకునే బలం సుమారు 1.7 రెట్లవుతుంది. బరువైన స్టీలు చైనుకు, కేసు రంధ్రంలో పడితే, 1.8 వేయండి.

అయస్కాంతంతో గ్రేడు తేల్చలేం. సాగదీసిన 304 కొంచెం అంటుకుంటుంది, లోపలి స్ప్రింగూ అంతే. గొట్టం మొత్తం టక్కున అతుక్కుంటే మాత్రం ఆ పిన్ను పక్కన పెట్టేయండి.

ఇంటి పని: కొన్న రకంలో ఒక పిన్నును ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డలో చుట్టి వారం పాటు తడి ఆరకుండా ఉంచండి. కడిగి, కొన మొదలు భూతద్దంలో చూసి, నొక్కి వదలండి. తుప్పు లేకుండా చప్పున బయటికి వస్తే ఆ రకాన్ని వాడొచ్చు. వచ్చే పాఠంలో కేసు మీద గీత పడకుండా దాన్ని బిగించడం నేర్చుకుందాం.