నెట్‌వర్కింగ్ స్వయంబోధిని – 6వ పాఠం: సబ్‌నెటింగ్

ఐపీవీ4 చిరునామాలో 32 బిట్లు ఉంటాయని, ముందు భాగం నెట్‌వర్క్‌ను, మిగిలినది అందులోని కంప్యూటర్‌ను తెలుపుతుందని క్రితం పాఠంలో చూశాం. ఈసారి ఒకే నెట్‌వర్క్‌ను అవసరాన్ని బట్టి సబ్‌నెట్‌లు అనే చిన్న భాగాలుగా విభజిద్దాం. రుషికొండ ఐటీ కొండల మీద ఉద్యోగం ఆశించే విద్యార్థులు సబ్‌నెట్ పట్టికను బట్టీ పట్టడం కంటే, దాన్ని బిట్లతో స్వయంగా రాబట్టడం నేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇంటర్వ్యూలో లెక్క మారగానే పట్టిక అక్కరకు రాదు.

మధురవాడలో ఒక కాలేజీ ఉందనుకోండి. హాస్టల్‌కు 100, ల్యాబ్‌కు 50, ఆఫీసుకు 20 చిరునామాలు కావాలి. చేతిలో ఉన్నది 192.168.10.0/24. /24 అంటే ముందు 24 బిట్లు నెట్‌వర్క్‌వి; మిగిలిన 8 బిట్లతో 256 చిరునామాలు వస్తాయి. సబ్‌నెట్ పరిమాణం 16, 32, 64, 128 ఇలా రెట్టింపవుతూ పోతుంది. ప్రతి దానిలోనూ మొదటి చిరునామా నెట్‌వర్క్‌కు, చివరిది బ్రాడ్‌కాస్ట్‌కు (అందరికీ ఒకేసారి పంపే సందేశానికి) కేటాయించాలి. కాబట్టి హాస్టల్‌కు /25 ఇస్తే చిరునామాలోని చివరి సంఖ్య 0 నుంచి 127 వరకు, ల్యాబ్‌కు /26 ఇస్తే 128 నుంచి 191 వరకు, ఆఫీసుకు /27 ఇస్తే 192 నుంచి 223 వరకు వస్తాయి.

పెద్ద అవసరంతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఏ సబ్‌నెట్ అయినా తన పరిమాణపు గుణిజం దగ్గరే మొదలుకావాలి. ల్యాబ్‌ను 0 దగ్గర, ఆఫీసును 128 దగ్గర పెట్టేస్తే, ఖాళీ చిరునామాలు 160 మిగిలినా హాస్టల్‌కు కావలసిన 128 ఒకేచోట దొరకవు.

ల్యాబ్‌లో 192.168.10.150 అనే కంప్యూటర్ ఏ సబ్‌నెట్‌లో ఉందో చూద్దాం. 150ని బిట్లలో రాస్తే 10010110. నెట్‌వర్క్ బిట్ల చోట 1, మిగిలిన చోట 0 ఉండే సంఖ్యను మాస్క్ అంటారు. /26 మాస్క్ 255.255.255.192; అందులో చివరి సంఖ్య 192, అంటే 11000000. రెండింటినీ ఒకదాని కింద ఒకటి రాసి, రెండు చోట్లా 1 ఉన్నచోట మాత్రమే 1 వేస్తే 10000000, అనగా 128 వస్తుంది. కంప్యూటర్ కూడా ఇదే లెక్క వేసుకుని, గమ్యం తన సబ్‌నెట్‌లోదైతే నేరుగా, కాకపోతే గేట్‌వేకు (బయటి సబ్‌నెట్‌లకు దారి చూపే రౌటర్‌కు) ప్యాకెట్‌ను పంపుతుంది. ఆ కంప్యూటర్‌కు పొరపాటున /24 మాస్క్ ఇస్తే హాస్టల్‌లోని 192.168.10.20 కూడా తన పక్కనే ఉందనుకుని ఏఆర్‌పీతో (ఐపీ చిరునామాను బట్టి హార్డ్‌వేర్ చిరునామా కనుక్కునే పద్ధతితో) నేరుగా వెతుకుతుంది. రౌటర్ దాని తరఫున బదులిస్తే తప్ప జవాబు రాదు. పింగ్ (అవతలి కంప్యూటర్ అందుతోందో లేదో చూసే కమాండ్) పనిచేయనప్పుడు కేబుల్‌ను అనుమానించే ముందు, విండోస్‌లో నెట్‌వర్క్ వివరాలు చూపే ఐపీకాన్ఫిగ్ కమాండ్‌తో మాస్క్ చూడమనేది అందుకే.

అభ్యాసం: మిగిలిన 224–255లో లైబ్రరీకి 10, సీసీ కెమెరాలకు 12 చిరునామాలు సర్దండి. హాస్టల్‌లో మరో 30 కంప్యూటర్లు చేరితే ఈ పథకం నిలుస్తుందా? కారణంతో సహా నోట్‌బుక్‌లో రాసి, తరువాత ప్యాకెట్ ట్రేసర్‌లో (కంప్యూటర్‌లోనే నమూనా నెట్‌వర్క్ కట్టే సాఫ్ట్‌వేర్‌లో) కట్టి చూడండి.