పెళ్లిచూపులకు విదేశం వెళ్తున్నారా?

పర్లాకిమిడిలో నా టికెట్ల కొట్టుకు ఈమధ్య ఇలాంటి ప్రయాణాలకూ వస్తున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు అవతలివాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడండి. మధ్యలో "ఒక్కసారి వీధిలోకి రండి, మీ ఇల్లు చూపించండి" అనండి. కెమెరా పాడైందని వారాల తరబడి దాటవేస్తే సంబంధం అక్కడితో ఆపేయండి. "మీకు బంగారం పంపాను, కస్టమ్స్ వాళ్లు పట్టుకున్నారు, సుంకం కట్టండి" అంటే అది మోసమే. కస్టమ్స్ సుంకం ఎవరి సొంత ఖాతాలోనూ కట్టేది కాదు. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

రానూపోనూ టికెట్ మీ డబ్బుతోనే కొనండి. బస హోటల్లోనే. పాస్‌పోర్ట్ "భద్రంగా దాస్తా" అన్నా ఇవ్వొద్దమ్మా. ఒకవేళ పోతే అక్కడి పోలీసులకు ఫిర్యాదు చేసి, మన రాయబార కార్యాలయానికి వెళ్లండి. తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు.

అన్నిటికన్నా నాకు భయం సంచులంటే. "ఇది మా చెల్లికి ఇచ్చేయండి" అని ఎవరేమిచ్చినా ముట్టుకోకండి, లోపల మత్తుమందు దాచి ఉండొచ్చు. సింగపూర్‌లో 15 గ్రాములు మించిన హెరాయిన్ రవాణాకు మరణశిక్ష ఉంది. సంచి ఎవరిదైనా, అది మీ చేతిలో దొరికితే జవాబు చెప్పాల్సింది మీరే. మీ పెట్టె మీరే సర్దుకుని, తాళం మీరే వేసుకోండి.