ఐస్ బాక్స్ కొనేముందు మూత చూడండి

బేగంబజార్‌లో కూలర్ కావాలని అడిగితే ఎయిర్ కూలర్ చూపిస్తారు. ఐస్ బాక్స్ అని అడగండి. చూపించగానే ఎన్ని లీటర్లని అడక్కుండా, ముందు మూత మీద వేలితో కొట్టి చూడండి. డొల్లగా మోగిందంటే లోపల ఏమీ నింపలేదు. గోడల నిండా పఫ్ (వేడిని లోపలికి రానివ్వని ఫోమ్) వేసి, మూత మాత్రం ఉత్త ప్లాస్టిక్‌తో వదిలేసిన పెట్టెలు చాలా ఉన్నాయి. ఎండ పడేదేమో ఆ మూత మీదే.

ఈ సంగతి నాకు మూడేళ్ల క్రితం, మే నెలలో నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు తెలిసొచ్చింది. మలక్‌పేట నుంచి పొద్దున్నే బయల్దేరాం. మసాలా పట్టించిన చికెన్, పెరుగన్నం, అమ్మ కోసం కొత్త ఇన్సులిన్ పెన్ను, అన్నీ ఒకే పెట్టెలో సర్దాం. మధ్యాహ్నం చెట్టు కింద తెరిచి చూస్తే ఐస్ అంతా నీళ్లే. చికెన్ డబ్బా ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. చికెన్ పోతే పోయింది, పారేశాం. కానీ వాడటం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపు వెతికి ఇంకొకటి కొనేదాకా అమ్మ అన్నం ముట్టలేదు. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే.

మూత గట్టిగా ఉందనుకున్నాక, దాని అంచు చూడండి. రబ్బరు పట్టీ ఉండాలి. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట పెట్టి మూసి, మెల్లగా లాగండి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ గాలి దూరుతుంది. నాలుగు వైపులా ఇలాగే చూడండి. షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు.

నలుగురికి ఒక రోజు ట్రిప్పుకి 25 లీటర్లది సరిపోతుంది. అందులో సగం ఐస్‌కే పోతుందని ముందే లెక్కేసుకోండి. కారులో 12 వోల్టుల సాకెట్‌కి తగిలించే చిన్న పెట్టెలు బయటి వేడి కన్నా 15, 20 డిగ్రీలు మాత్రమే తగ్గిస్తాయి. బయట 42 ఉంటే లోపల 22కి పైనే, పెరుగు పులిసిపోతుంది. కంప్రెసర్ ఉన్నవి బాగా పనిచేస్తాయి కానీ ఖరీదెక్కువ, ఒక రోజుకి అవసరం లేదు.

ఐస్ విషయంలో పిసినారితనం వద్దు. కిలో ఐస్ కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడితో కిలో నీళ్లను 80 డిగ్రీలు పెంచొచ్చు. సామానుని చల్లగా ఉంచేది ఆ కరగడమే. చిన్న ముక్కల కన్నా పెద్ద గడ్డ నెమ్మదిగా కరుగుతుంది. అందుకని రెండు లీటర్ల సీసాల్లో నాలుగు వేళ్లు తక్కువగా నీళ్లు పోసి రెండు రోజుల ముందే ఫ్రీజర్‌లో పెట్టండి. నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు సీసా పగులుతుంది. ముందు రాత్రే ఒక సీసా పెట్టెలో వేసి మూసేస్తే లోపలి గోడలు కూడా చల్లబడతాయి. పచ్చి చికెన్ గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, అన్నిటికన్నా కింద ఉండాలి.

ఇప్పుడు మేం రెండు పెట్టెలు తీసుకెళ్తున్నాం. పిల్లలు నీళ్ల కోసం పదిసార్లు తెరిచేది ఒకటి, అమ్మ మందులకి 5 లీటర్ల చిన్నది ఒకటి. ఇన్సులిన్ గడ్డకట్టినా పనికిరాదు కాబట్టి, పెన్నుని నూలు గుడ్డలో చుట్టి, చిన్న డబ్బాలో వేసి, ఐస్‌కి తగలకుండా పెడతాను. ఆ పెట్టె డిక్కీలో పెట్టం. ఏసీ గాలి తగిలేలా వెనక సీటు ముందు, అమ్మ కాళ్ల దగ్గరే ఉంటుంది.